తరగతి గ్రూపుల్లో రంగు వెక్కిరింతలు

రంగు, ముఖకవళికలు పట్టుకుని పిల్లలు తోటి విద్యార్థులను వాట్సాప్ గ్రూపుల్లో వెక్కిరిస్తుంటే నగరంలో కొన్ని పాఠశాలలు చూసీచూడనట్లు ఊరుకుంటున్నాయి. మా అబ్బాయి ఎనిమిదో తరగతి గ్రూపులో మణిపూర్ నుంచి వచ్చిన ఒక అమ్మాయి ఫొటోను స్టిక్కర్‌గా చేసి, కింద 'మోమో' అని, ఈశాన్య రాష్ట్రాల వాళ్లను ఎగతాళి చేసే మాట రాశారు. దానికి ముప్పై దాకా నవ్వుల ఎమోజీలు. మావాడిదీ ఒకటి ఉంది. చూసి తల కొట్టేసినట్లయింది. స్కూల్లో చెబితే 'ఇంటి దగ్గర ఫోన్లతో మాకేం సంబంధం' అన్నారు. మరి ఆ అమ్మాయి మర్నాడు కూర్చోవాల్సింది ఆ పిల్లల మధ్యే కదా! అయినా ఇది ఫోన్‌లో పుట్టిన రోగం కాదు. టోలిచౌకిలో ఆఫ్రికా విద్యార్థులు కనబడితే పెద్దవాళ్లం అనే మాటలనే వీళ్లు టైప్ చేస్తున్నారు. 2014లో ఢిల్లీలో అరుణాచల్ విద్యార్థి దాడిలో చనిపోయాక వేసిన బెజ్‌బారువా కమిటీ ఈశాన్య రాష్ట్రాల చరిత్రను పాఠాల్లో చేర్చాలని అప్పుడే చెప్పింది. ఇలాంటి స్క్రీన్‌షాట్ అందితే, పోస్టు ఇంటి నుంచి పెట్టినదైనా సరే, ఫిర్యాదుగా రాసుకుని వారంలోగా ఇరువైపుల తల్లిదండ్రులనూ పిలిపించాలని విద్యాశాఖ పాఠశాలలకు ఉత్తర్వు ఇవ్వాలి. టీసీ ఇచ్చి పంపేస్తే ఆ పిల్లాడు ఇంకో స్కూల్లో ఇంకో గ్రూపు పెడతాడు.

– ఒక తండ్రి, మెహదీపట్నం, హైదరాబాద్