మంత్రి గారూ, ఆ ఒక్క ప్రశ్న అడిగించండి

గౌరవనీయులైన తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

నేను నల్గొండ జిల్లాలో ముప్పై ఏళ్ళు బడిపంతులుగా పనిచేసి రిటైరయ్యాను. షుగరు వచ్చి పదమూడేళ్ళయింది. ఇన్నేళ్ళలో నన్ను చూసిన డాక్టర్లు అరికాళ్ళలో స్పర్శ ఉందో లేదో చూశారు, కళ్ళలో మందు వేసి చూశారు, మూత్రపిండాల పరీక్షలు రాశారు. గుండెనొప్పి వచ్చేదాకా సంసార జీవితం ఎలా ఉందని మాత్రం ఎవరూ అడగలేదు. నాకు అంగస్తంభన లోపం మొదలై అప్పటికి చాలా కాలమైంది. నేనూ చెప్పలేదు.

ఒకసారి చెబుదామనే వెళ్ళాను. ఓపీ గదిలో డాక్టరు బల్ల చుట్టూ ఏడెనిమిది మంది ఉన్నారు. నా భుజానికి ఆనుకుని మా వీధిలోని ఆవిడ. చీటీలు రాస్తున్న నర్సమ్మ నా దగ్గర ఏడో తరగతి చదువుకున్న పిల్ల. "నమస్తే సార్" అని లేచి నిలబడింది. డాక్టరు గారు తలెత్తి ఏమిటి ఇబ్బంది అన్నారు. "నీరసంగా ఉంటోంది" అన్నాను. బీకాంప్లెక్స్ బిళ్ళలు రాశారు. ఆయన తప్పేమీ లేదు, నేను చెప్పిన రోగానికి మందు ఇచ్చారు. కానీ మా వైపు నడివయసు మగవాడు నీరసం అన్నా, నరాల బలహీనత అన్నా చాలాసార్లు దాని అర్థం వేరే ఉంటుంది.

ఆ చీటీ జేబులో పెట్టుకుని వస్తుంటే గోడ మీద మగతనం మందు ప్రకటన, దాని కింద ఫోను నంబరు కనిపించాయి. మూడు పొట్లాల పొడి, ఆరు వేల రూపాయలు, తేనెలో రంగరించుకుని తాగమన్నారు. ఇలాంటి మూలికల పొడుల్లో సిల్డెనాఫిల్ అనే అంగస్తంభన మందును చెప్పకుండా కలిపి అమ్మే మోసాన్ని అనేక దేశాల ఔషధ నియంత్రణ సంస్థలు పట్టుకున్నాయని తర్వాత చదివాను. నా పొట్లాల్లో ఏముందో నాకు ఇప్పటికీ తెలియదు. గుండె జబ్బు ఉన్నవాడు నాలుక కింద పెట్టుకునే నైట్రేట్ బిళ్ళ వాడుతూ అలాంటి పొడి మింగితే బీపీ ఒక్కసారిగా పడిపోయి ప్రాణమే పోవచ్చు. లైంగిక సామర్థ్యం పెంచుతామనే మందుల ప్రకటనలను 1954 నాటి చట్టమే నిషేధించింది. ఆ గోడ మాత్రం ఏటా కొత్త సున్నం, కొత్త నంబరు వేసుకుంటూనే ఉంది.

ఈ సమస్య మొదలైన నాలుగో ఏట గుండెనొప్పి వచ్చి హైదరాబాదులో స్టెంటు వేశారు. అక్కడొక డాక్టరు లేచి వెళ్ళి తలుపు వేసి వచ్చి, సూటిగా అడిగారు. మొదటిసారి చెప్పాను. అంగంలోని రక్తనాళాలు ఒకటి రెండు మిల్లీమీటర్ల వెడల్పే ఉంటాయట, గుండెకు వెళ్ళేవి మూడు నాలుగు. లోపల కొవ్వు పేరుకోవడం మొదలైతే సన్నవాటికే ముందు అడ్డుపడుతుంది. సాగర్ ఎడమ కాలువ కింద సేద్యం చేసేవాళ్ళకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు, ముందు పూడేది పిల్లకాలువే. గుండె జబ్బు బయటపడడానికి రెండు నుంచి అయిదేళ్ళ ముందే కొందరిలో ఈ లోపం కనిపిస్తుందని ఆయన చెప్పారు. నా ఒళ్ళు నాలుగేళ్ళ ముందే కబురు పంపింది. నేను దాన్ని సిగ్గు కింద దాచిపెట్టాను.

ఆ నాలుగేళ్ళూ వరండాలో మంచం వేసుకుని పడుకున్నాను, లోపల ఉక్కపోస్తోందని చెప్పి. డిసెంబరులోనూ అదే చెప్పాను. మా ఇంట్లో ఆమె తన మీద ఇష్టం పోయిందనుకుంది. పాలమూరు నుంచి పుణే, ముంబై పనులకు వెళ్ళి పండక్కి ఇల్లు చేరినవాళ్ళలో ఈ కష్టం వస్తే భార్యను అనుమానించినవాళ్ళను, ఎవరో మందు పెట్టారని తాయెత్తులకు తిరిగినవాళ్ళను నేనెరుగుదును. బీపీ బిళ్ళల వల్లే ఇలా అయిందని ఎవరికీ చెప్పకుండా వాటిని మానేసినవాళ్ళూ ఉన్నారు. కొన్ని రకాల బీపీ మందులతో ఈ ఇబ్బంది వచ్చే మాట నిజమే. డాక్టరుకు చెబితే మరో రకం రాస్తారు, చెప్పక మానేస్తే పక్షవాతం దాకా పోతుంది.

అయ్యా, ముప్పై దాటినవారందరికీ బీపీ, షుగరు పరీక్షలు చేయించే కార్యక్రమం ఇప్పటికే నడుస్తోంది. ఆ కార్డులో మగవాళ్ళ కోసం ఒక్క గడి పెంచండి. మూడు నెలలకు పైగా ఈ ఇబ్బంది ఉందా అన్న ప్రశ్న చాలు. ఆశా అమ్మ చేత అడిగించవద్దు, ఆమెకూ ఇబ్బందే, చెప్పేవాడికీ ఇబ్బందే. మగ ఆరోగ్య కార్యకర్తో డాక్టరో తలుపున్న గదిలో అడగాలి. రోగి తనంతట తాను నోరు విప్పడు, ముందు ఆస్పత్రే అడగాలి. నేను ఇంత పొడవున రాసింది ఈ మాట కోసమే.

ఒకప్పుడు మేము ప్రతిదానికీ హైదరాబాదు బస్సెక్కేవాళ్ళం. ఇప్పుడు నల్గొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తిలో ప్రభుత్వ వైద్య కళాశాలలున్నాయి. వారానికి ఒక పూట ఈ సమస్యకు కేటాయించండి. బోర్డు మీద మాత్రం షుగరు, బీపీ సలహా గది అనే రాయించండి, వరసలో నిలబడినవాణ్ణి చూసి ఎవరూ నవ్వకుండా. షుగరు అదుపులోకి తేవడం, బీడీ, మద్యం మాన్పించడం, ఆందోళన ఉంటే కూర్చోబెట్టి మాట్లాడడం, గుండె పరీక్ష అయ్యాకే మాత్ర రాయడం అక్కడే జరగాలి. తెల్లవారుజామున స్తంభన మామూలుగానే ఉందా అని అడిగితే, కారణం మనసులో ఉందా, ఒంట్లో ఉందా అన్నది కొంతవరకు తేలుతుంది. సిల్డెనాఫిల్ 1998లో వచ్చిన మందు, జనరిక్ రకం ఇప్పుడు తక్కువ ధరకే దొరుకుతోంది. నేను పొట్లాలకు పోసిన డబ్బుతో పోలిస్తే అది లెక్కలోకి రాదు.

కింద నా పేరు రాయాలనే అనుకున్నాను. మా ఇంట్లో ఆమె రెండుసార్లు చదివి, అంతా ఉంచండి, పేరు ఒక్కటి తీసేయండి అంది. మాకు పెళ్ళి కావలసిన అమ్మాయి ఉంది.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
మిర్యాలగూడ, నల్గొండ జిల్లా