బ్లాకులో అమ్మితే నేరం, రీసేల్ అంటే వ్యాపారమా?

సంపాదకులకు నమస్కారం.

విదేశీ థీమ్ పార్కుల్లో అమ్మే లిమిటెడ్ ఎడిషన్ బొమ్మలు, చొక్కాకి బ్యాడ్జీలా గుచ్చుకునే బొమ్మల పిన్నులు తెప్పించి, వాటిని రెట్టింపు ధరకి తిరిగి అమ్ముతున్న మన కాలేజీ కుర్రవాళ్ల గురించి గత ఆదివారం మీరు వేసిన కథనం చదివాను. చదువుకుంటూనే సంపాదిస్తున్నారని మెచ్చుకున్నారు. ఆ బొమ్మల్ని అంత ధర పెట్టి కొన్నవాళ్లలో ఒక్కరితోనైనా మాట్లాడి ఉంటే బాగుండేది.

నేను అనంతపురం పాతూరులో ఇరవై రెండేళ్లుగా ఫ్యాన్సీ షాపు నడుపుతున్నాను. గాజులు, రిబ్బన్లు, బర్త్‌డే బెలూన్లు, పిల్లల ఆటబొమ్మలు నా సరుకు. కాబట్టి బొమ్మలమ్మి లాభం చేసుకోవడం తప్పని అనే హక్కు నాకు లేదు. అంటే నా గల్లాపెట్టే నన్ను చూసి నవ్వుతుంది. నాకొచ్చిన ఇబ్బంది వేరే. పెట్టె మీద ముద్రించిన ధర కంటే నేను ఒక్క రూపాయి ఎక్కువ తీసుకున్నా తూనికలు కొలతల శాఖ వాళ్లు వచ్చి కేసు రాస్తారు. రాయాలి కూడా. మరి ఆ కుర్రవాళ్లు ముద్ర ధరకి రెట్టింపు తీసుకుంటే దానికి తెలివితేటలని పేరు.

మా చిన్నప్పుడు కొత్త సినిమా పడిన రోజున టాకీసు గేటు దగ్గర టికెట్ల కట్ట గుప్పిట్లో దాచుకుని 'పదికి ముప్పై, పదికి ముప్పై' అని గొణుగుతూ తిరిగేవాళ్లు ఉండేవారు. లాఠీ కనబడితే సందులోకి జారుకునేవారు. వాళ్లని బ్లాకోళ్లు అన్నామే కానీ పారిశ్రామికవేత్తలని ఎవరూ అనలేదు. రీసేల్ అనే మాట వినడానికి నాజూగ్గా ఉంది గానీ, లోపల ఉన్నది ఆ కట్టే.

అసలిది మొదలైన తీరు ముచ్చటైనది. 1999లో అమెరికాలోని ఫ్లోరిడాలో ఉన్న డిస్నీ పార్కులో, కొత్త సహస్రాబ్ది వేడుకల సందర్భంగా పిన్నులు మార్చుకునే ఆట పెట్టారు. పనివాళ్లు మెడలో పట్టీకి పిన్నులు గుచ్చుకుని తిరుగుతారు. పిల్లలు వెళ్లి తమ దగ్గరున్నదొకటి ఇచ్చి, నచ్చినది తీసుకోవచ్చు. మన పిల్లలు గోళీలు మార్చుకున్నట్టే. మధ్యలో డబ్బు మాట లేదు. అయితే కొన్ని పిన్నుల వెనక 'ఇన్నే చేశాం' అని అంకె వేస్తారు. అంకె పడ్డాక అది ఆటవస్తువుగా ఎక్కడ మిగులుతుంది?

2022 జనవరిలో అదే ఫ్లోరిడాలోని ఎప్‌కాట్ పార్కులో ఫిగ్‌మెంట్ అనే ఊదారంగు డ్రాగన్ బొమ్మ ఆకారంలో పాప్‌కార్న్ డబ్బా అమ్మారు. ధర పాతిక డాలర్లు. దానికోసం జనం గంటల తరబడి లైన్లో నిలబడ్డారు. ఆ వెంటనే ఆన్‌లైన్లో అదే డబ్బా వంద డాలర్లు దాటిపోయింది. అంతకుముందు నెలే షాంఘై డిస్నీలో క్రిస్మస్ బొమ్మల కోసం, ఆ చలిలో, కరోనా రోజుల్లో, తెల్లవారుజాము మూడింటికి ఐదు వేల మందికి పైగా బారులు తీరారు. ఇక మన పిల్లల సంచీలకి వేలాడుతున్న లబూబూ అనే బొమ్మ సంగతి చెప్పనక్కర్లేదు. దాన్ని అమ్మే కంపెనీ 2023లో బీజింగ్‌లో సొంతంగా పార్కే తెరిచింది. లబూబూ కొంటే అందులో ఏ బొమ్మ వస్తుందో పెట్టె విప్పేదాకా తెలియదు. కొన్ని సిరీస్‌లలో అరుదైన బొమ్మ డెబ్భై రెండు పెట్టెల్లో ఒక దాంట్లో ఉంటుంది. 2025 జూన్‌లో బీజింగ్ వేలంలో మనిషెత్తు లబూబూ ఒకటి 10.8 లక్షల యువాన్లు పలికింది. మన లెక్కలో కోటి రూపాయల పైమాటే.

తొలకరి పడగానే మన వజ్రకరూరు చేలల్లోకి, అటు కర్నూలు వైపు జొన్నగిరి చేలల్లోకి జనం వంగి వంగి నడుస్తూ వజ్రపు రాళ్లు వెతుక్కోవడం మనకి కొత్త కాదు. అదీ పిచ్చే అంటారు బయటివాళ్లు. కానీ అక్కడ రాయి తక్కువగా దొరకడం నేల చేసిన పని. పోయేది ఒకరోజు కూలి, కాస్త నడుం నొప్పి. పాప్‌కార్న్ డబ్బా అలాంటిదా? ఒకసారి అచ్చు తయారయ్యాక వెయ్యి పోసుకోవచ్చు, లక్షా పోసుకోవచ్చు. తక్కువ పోస్తున్నారంటే తక్కువ పోయాలనుకున్నారు కాబట్టే. ఆ కరువు కంపెనీ సృష్టించింది. లైను ఎంత పొడుగుంటే వాళ్లకి అంత ఉచిత ప్రచారం.

ఇప్పుడు మా ఇంటి సంగతి. మా అక్క కొడుకు బీటెక్ మూడో సంవత్సరం. ఒక వాట్సాప్ గ్రూపులో, హాంకాంగ్ వెళ్తున్న మనిషి అక్కడి పార్కు నుంచి పిన్నులు తెస్తాడంటే పద్దెనిమిది వేలు ఫోన్‌పే చేశాడు. హాస్టల్ ఫీజు కోసం మా బావ పంపిన డబ్బులవి. బిల్లు లేదు, చిరునామా లేదు, ఒక ప్రొఫైల్ ఫోటో ఉంది. రెండు నెలలకి కొరియర్ వచ్చింది. 'మామా, నువ్వు బొమ్మలమ్ముతావు కదా, చూడు' అని షాపుకే పట్టుకొచ్చాడు. ట్యూబ్‌లైటు కింద పెట్టి చూశాను. పిన్ను మీది ఎలుక బొమ్మ చెవి నల్లరంగు గీత దాటి పసుపులోకి కారింది. అంచు మీద గోరు పెట్టి లాగితే గరుకుగా తగిలింది. పదింటిలో ఏడు అలాగే ఉన్నాయి. ఇలాంటి నకిలీలు ఆ పార్కుల చుట్టూ కుప్పలుగా తిరుగుతాయని, పిన్నులు కూడబెట్టే వాళ్లకి అది పాత తలనొప్పేనని తర్వాత తెలుసుకున్నాను. గ్రూపులో అడిగితే వీణ్ణి తీసేశారు. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయరా అంటే, 'నాన్నకి తెలిసిపోతుంది మామా' అంటాడు. ఇలా నోరు మూసుకున్న పిల్లలు వాడి క్లాసులోనే ఇంకో నలుగురున్నారట.

నా తప్పు కూడా ఒకటి చెప్పుకోవాలి. కిందటేడు బెంగళూరు హోల్‌సేల్ నుంచి డూప్లికేట్ లబూబూలు నాలుగు డజన్లు తెచ్చి గుమ్మానికి వేలాడదీశాను. పద్నాలుగేళ్లలోపు పిల్లల బొమ్మలకి 2021 జనవరి నుంచి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. ఆ దండలో ఒక్కదానికీ లేదు. నాకు తెలుసు, అయినా అమ్మాను. ఒక తల్లి తిరిగొచ్చి, బొమ్మ కన్ను ఊడి పాప నోట్లోకి పోబోయిందని చెప్పాక మిగిలినవి తీసేశాను. బయటి బొమ్మలు ఊరికే వచ్చిపడకూడదనే కదా కేంద్రం దిగుమతి సుంకాన్ని 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచింది. నాలాంటివాడి మీద తనిఖీ ఉంది. సూట్‌కేసులో వచ్చి వాట్సాప్‌లో అమ్ముడయ్యే సరుకుని అడిగేదెవరు?

కుర్రవాళ్లందర్నీ పట్టి లోపలెయ్యమని నేననడం లేదు. వస్తువు చేతికి రాకముందే పదిమంది దగ్గర అడ్వాన్సులు వసూలు చేయడం ఒక్కటి ఆగితే చాలు, సగం టెన్షన్ తీరుతుంది. మన ఇంజనీరింగ్ కాలేజీలు ర్యాగింగ్ గురించి పెట్టినట్టే దీని గురించీ ఒక నోటీసు పెట్టొచ్చు, పక్కన వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరు వేసి. ఇక పార్కుల వాళ్లకి మన మాట ఎలాగూ వినబడదు గానీ, మన దేశంలోనూ పార్కులు పెరుగుతున్నాయి. రేపు వాళ్లూ ఈ లిమిటెడ్ దారి పడితే, ప్రవేశ టికెట్టుకి ఒక్కటే ఇవ్వాలి. లేదా వారం రోజులు ఆర్డర్లు తీసుకుని అడిగినవాళ్లందరికీ చేసివ్వాలి. అప్పుడు బ్లాకోడికి గేటు దగ్గర పనుండదు.

మీరు కూడా ఈసారి ఇలాంటి కథనం వేసేటప్పుడు, అమ్మినవాడి పక్కన కొన్నవాడి ఫోటో కూడా వేయండి.

మా వాడి పిన్నుల డబ్బా ప్రస్తుతం నా కౌంటర్ కింద అరలో ఉంది. పోయిన డబ్బులు రాబట్టుకోవడానికి జూనియర్లకి అమ్మేస్తానని ఇప్పటికి మూడుసార్లు అడిగాడు. నేనింకా ఇవ్వలేదు.

ఇట్లు,
ఒక ఫ్యాన్సీ షాపు యజమాని,
పాతూరు, అనంతపురం