నెలల బిడ్డ పాలిపోతే టానిక్ కన్నా ముందు రెటిక్ పరీక్ష

సంపాదకుల వారికి,

రక్తహీనత మీద పత్రికల్లో వచ్చే వ్యాసాలు చాలావరకు ఇనుము దగ్గరే ఆగిపోతున్నాయి. గోదావరి డెల్టాలో ఆడవాళ్లకీ పిల్లలకీ ఎక్కువగా ఉండేది ఇనుము లోపమే కాబట్టి అది సహజం. నెలల బిడ్డ సంగతి వేరు. నెలలు నిండి పుట్టిన బిడ్డకు కడుపులో ఉండగా చేరిన ఇనుము నాలుగు నుంచి ఆరు నెలల దాకా సరిపోతుంది. రెండు మూడు నెలలప్పుడు హిమోగ్లోబిన్ 10 దరిదాపులకు తగ్గడం మామూలే. 5కో 6కో పడిపోతే మాత్రం టానిక్ రాసి పంపకూడదు.

తలసీమియా, సికిల్ సెల్ పేర్లు మన దగ్గర తెలిసినవే. పెద్దగా వినబడనిది డైమండ్ బ్లాక్‌ఫాన్ అనీమియా, అంటే ఎముక మూలుగలో ఎర్రకణాలు సరిగా తయారుకాని పుట్టుక జబ్బు. పది లక్షల కాన్పుల్లో 5 నుంచి 7 మంది బిడ్డలకు వస్తుంది. కణంలో ప్రొటీన్లు తయారుచేసే రైబోజోమ్‌లో 80 ప్రొటీన్లుంటాయి, వాటిలో ఒకటి ఆర్‌పీఎస్19. 19వ క్రోమోజోమ్ మీదున్న దాని జన్యువుకీ ఈ జబ్బుకీ ఉన్న సంబంధం 1999లో బయటపడింది. రోగుల్లో సుమారు నాలుగోవంతు మందికి లోపం ఇందులోనే. జన్యువు రెండు ప్రతుల్లో ఒకటి చెడితే చాలు, రైబోజోమ్‌లోని రెండు భాగాల్లో చిన్నవి తగినన్ని తయారుకావు. ఎర్రకణం ఎదిగేటప్పుడు కొద్దికాలంలోనే విపరీతంగా గ్లోబిన్ (హిమోగ్లోబిన్‌లోని ప్రొటీన్) చేసుకోవాలి. అది వెనకబడితే జతలేని హీమ్ (హిమోగ్లోబిన్‌లో ఇనుమున్న భాగం) కణాన్ని దెబ్బతీస్తుంది. రైబోజోమ్‌లో ఇమడని ప్రొటీన్ల వల్ల దెబ్బతిన్న కణాలను చనిపోయేలా చేసే పీ53 ప్రొటీన్ కూడా చురుకై కణాలు మూలుగలోనే చనిపోతాయి. తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు మొదట్లో సాధారణంగా బాగానే ఉంటాయి.

గుర్తుపట్టడానికి ముందుగా కావలసింది రెటిక్యులోసైట్ కౌంట్, అంటే రక్తంలో కొత్తగా వచ్చిన లేత ఎర్రకణాల (రెటిక్‌ల) లెక్క. న్యూ మిథిలీన్ బ్లూ రంగు, మైక్రోస్కోపు ఉన్న ఏ ల్యాబైనా చేయగలదు. రక్తం, రంగు సమానంగా కలిపి 37 డిగ్రీల దగ్గర 15 నుంచి 20 నిమిషాలు ఉంచి, స్లైడు మీద పరిచి, వెయ్యి ఎర్రకణాల్లో ఎన్ని రెటిక్‌లో లెక్కపెట్టాలి. ఈ జబ్బులో దాదాపు ఏమీ కనబడవు. ఎర్రకణాలు వయసుకు మించి పెద్దవిగా ఉంటాయి. ఇనుము లోపంలోనూ తలసీమియాలోనూ చిన్నవిగా ఉంటాయి కాబట్టి తేడా ఇక్కడే తెలిసిపోతుంది. బిడ్డ బొటనవేళ్లు, అంగిలి, గుండె కూడా చూడాలి, సగం మందిలో ఏదో ఒక అవయవలోపం ఉంటుంది. డెల్టాలోని ప్రతి ఏరియా ఆసుపత్రి ల్యాబ్‌లోనూ ఈ కౌంట్ రోజూ జరిగేలా వైద్యారోగ్య శాఖ చూడాలని కోరుతున్నాం.

తరచూ జరిగే నష్టం మరొకటి ఉంది. బిడ్డ మరీ తెల్లబడి రాగానే కంగారులో రక్తం ఎక్కించేస్తారు. ఆ తర్వాత తీసిన నమూనాలో దాత కణాలు కలిసిపోయి ఈ జబ్బులో సాధారణంగా పెరిగే హిమోగ్లోబిన్ ఎఫ్ (గర్భస్థ శిశువు హిమోగ్లోబిన్), ఎర్రకణాల ఏడీఏ ఎంజైమ్ ఫలితాలను నమ్మలేం. ఎక్కించే ముందే రక్తం గడ్డకట్టకుండా ఉంచే రెండు ఈడీటీఏ ట్యూబుల్లో రక్తం తీసి ఉంచితే చాలు. పార్వోవైరస్ బీ19 పరీక్షకూ కొంత పంపాలి, అది కూడా రెటిక్‌లను మాయం చేస్తుంది.

మొదటి ఏడాది కిలోకు 10 నుంచి 15 మిల్లీలీటర్ల చొప్పున, మూడు నుంచి అయిదు వారాలకోసారి రక్తం ఎక్కిస్తారు. ఏడాది నిండాక ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ రోజుకు కిలోకు 2 మిల్లీగ్రాములతో మొదలుపెడతారు. అయిదుగురిలో నలుగురికి మొదట పనిచేస్తుంది. తర్వాత మోతాదు నెమ్మదిగా దించాలి. ముఖం ఉబ్బిందని ఇంట్లోవాళ్లు ఒక్కసారిగా ఆపేస్తే ప్రమాదం.

రక్తం ఎక్కించిన ప్రతిసారీ ఇనుము ఒంట్లో చేరుతుంది, బయటికి పోయే దారి లేదు. అంగన్‌వాడీలో వారానికి రెండుసార్లు ఇచ్చే ఒక మిల్లీలీటరు సిరప్‌లో 20 మిల్లీగ్రాముల ఇనుముంటుంది. ఈ బిడ్డలకు అది వేయకూడదని కార్డు మీద పెద్దక్షరాలతో రాయించాలి. ఇనుము తీసే మందుల్లో డెఫెరిప్రోన్ వీరిలో తెల్లకణాలను ప్రమాదకరంగా తగ్గించవచ్చు, డెఫెరాసిరాక్స్ మేలు.

ఇది మేనరికం వల్ల వచ్చిందని తల్లిని నిందించడం అన్యాయం. ఆర్‌పీఎస్19 లోపానికి చుట్టరికంతో పనిలేదు. సుమారు సగం మందిలో అది బిడ్డలోనే కొత్తగా పుడుతుంది. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే ప్రతి కాన్పులోనూ సగం అవకాశం. ఏ లక్షణమూ లేకుండా లోపాన్ని మోసేవాళ్లూ ఉంటారు. అందుకే మూలుగ మార్పిడికి అన్నో చెల్లో దాతగా కుదిరినా, వాళ్ల జన్యు పరీక్ష చూడకుండా మూలుగ తీయకూడదు.

– పిల్లల వైద్యులు,
అమలాపురం