కాలేజీలకు నెట్ ఇచ్చారు, దాన్ని చూసుకునే మనిషిని కూడా ఇవ్వండి: విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

మంత్రి గారికి నమస్కారం.

నేను తెలంగాణలో ఒక ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ సైన్స్ చెప్తాను. కాలేజీ నెట్‌వర్క్ కూడా నేనే చూసుకుంటాను, ఎందుకంటే మా దగ్గర ఆ పనికంటూ ఒక పోస్టు లేదు, కంప్యూటర్ సార్ ఎవరుంటే వాళ్లకే అప్పజెప్తారు. ఇదే పరిస్థితిలో ఉన్న అధ్యాపకులు నాకు ఇంకా తెలుసు.

నెట్ కనెక్షన్ ఇవ్వలేదని ఈ ఉత్తరం రాయడం లేదండీ. కేంద్రం 2009లో ఐసీటీ (సమాచార, కమ్యూనికేషన్ సాంకేతికత) ద్వారా జాతీయ విద్యా మిషన్ మొదలుపెట్టి కాలేజీలకు బ్రాడ్‌బ్యాండ్ ఇచ్చింది. మరుసటి ఏడాది నేషనల్ నాలెడ్జ్ నెట్‌వర్క్ వచ్చింది, యూనివర్సిటీలూ పరిశోధనా సంస్థలూ పెద్ద లైన్లతో కలిశాయి. ఇప్పుడు ఫైబర్ చిన్న ఊళ్ల దాకా వచ్చేసింది. మా కాలేజీ గేటు దాకా నెట్ బాగానే వస్తోంది. గేటు దాటాక ల్యాబులో కూర్చున్న అమ్మాయి సిస్టమ్ దాకా అది చేరాలి కదా, ఆ దారిని రోజూ చూసుకునే మనిషే లేడు. నేను అడుగుతున్నది ఆ మనిషిని.

జరిగింది ఒకటి చెప్తాను. స్టాఫ్ రూంలో సిగ్నల్ సరిగ్గా రావట్లేదని ఎవరో ఇంట్లో ఖాళీగా ఉన్న రౌటర్ తెచ్చి గోడకున్న పోర్టుకి తగిలించారు, అందరికీ పనికొస్తుందనే. ఆ రౌటర్ తన సొంతంగా ఐపీ అడ్రసులు (నెట్‌వర్క్‌లో ఒక్కో సిస్టమ్‌ని గుర్తుపట్టే నంబర్లు) పంచడం మొదలుపెట్టింది. ల్యాబులో కొన్ని సిస్టమ్స్ మా సర్వర్ దగ్గర అడ్రసు తీసుకున్నాయి, కొన్ని దాని దగ్గర తీసుకున్నాయి, దాని దగ్గర తీసుకున్నవాటికి నెట్ పోయింది. లైన్ బాగానే ఉందని కనెక్షన్ ఇచ్చినవాళ్లు అన్నారు, అదీ నిజమే. ప్రాక్టికల్స్ ఆగిపోయాయి, నేను క్లాసులు వదిలేసి, కేబుళ్లన్నీ వచ్చి కలిసే స్విచ్ అనే పెట్టె దగ్గర నిలబడి ఒక్కో కేబులూ పీకి చూస్తూ పోతే గానీ ఆ రౌటర్ దొరకలేదు. బయటి పరికరాలు ఇలా అడ్రసులు పంచకుండా ఆపడానికి స్విచ్‌లో డీహెచ్‌సీపీ స్నూపింగ్ అని ఒక సెట్టింగ్ ఉంటుంది, అది ఆన్ చేసి ఉంటే ఈ గొడవే వచ్చేది కాదు. ఆన్ చేద్దామంటే స్విచ్ పాస్‌వర్డ్ మా దగ్గర లేదు. బిగించి వెళ్లిన ఏజెన్సీ అది ఎవరికీ ఇవ్వలేదు, ఏ కేబుల్ ఏ గదికి పోతుందో చూపించే డ్రాయింగూ లేదు.

ఎండాకాలం చివర్లో ఇంకో టెన్షన్. మా రెండు బ్లాకుల మధ్య చెట్ల మీదుగా రాగి కేబుల్ లాగేశారు. ఆ రకం కేబుల్‌కి వంద మీటర్లే పరిమితి, అది అలా ఉంచితే, చుట్టుపక్కల ఎక్కడ పిడుగు పడినా ఆ తీగలోంచి కరెంటు వచ్చి రెండు వైపులా స్విచ్ పోర్టులు కాలిపోయే ప్రమాదం ఉంది. ఫైబర్ గాజు కాబట్టి దానికి ఈ బెడద ఉండదు. మే, జూన్ నెలల్లో ఉరుములు, మెరుపులు, గాలివాన. సరిగ్గా అప్పుడే దోస్త్, అంటే డిగ్రీ సీట్ల ఆన్‌లైన్ అడ్మిషన్లు. పల్లెల నుంచి అమ్మనో నాన్ననో వెంటబెట్టుకుని పిల్లలు వస్తారు, పెద్దవాళ్లు ఆ రోజు కూలి పోగొట్టుకుని వస్తారు, వెబ్ ఆప్షన్లకి, అంటే ఏ కాలేజీ, ఏ కోర్సు కావాలో ఆన్‌లైన్‌లో పెట్టుకోవడానికి, గడువు ఆ రోజో మర్నాడో ఉంటుంది. వాళ్ల మొహం చూస్తూ "నెట్ లేదమ్మా, రేపు రండి" అనడం చాలా కష్టంగా ఉంటుంది సార్. వాళ్లలో కొందరు బయట నెట్ సెంటర్‌లో డబ్బులిచ్చి పెట్టించుకుంటారు, అక్కడ ఏ కోర్సు ముందు పెట్టాలో చెప్పేవాళ్లుండరు.

పిల్లలందరి ఫోన్లలో డేటా ఉంది కదా అని కొందరు అధికారులు అంటుంటారు. ఇంటికంతా ఒకే ఫోన్ ఉన్న ఆడపిల్లలు మా క్లాసుల్లో ఉన్నారు. ఉన్నవాళ్లకి కూడా రోజుకి ఒకటిన్నర జీబీ అయిపోతే స్పీడ్ పడిపోతుంది, ఇక కేంద్రం ఆన్‌లైన్ పాఠాలు పెట్టే స్వయం పోర్టల్‌లో పాఠం వీడియో ఎలా చూస్తారు? ల్యాబు సిస్టమ్స్‌లో సాఫ్ట్‌వేర్ వేసుకోవడానికి ఫోన్ హాట్‌స్పాట్ ఏ మూలకి సరిపోతుంది? ఇక ల్యాండ్‌లైన్ సంగతి సరే సరి, కాలేజీ బోర్డు మీద ఉన్న నంబరుకి తల్లిదండ్రులు ఫోన్ చేస్తే మోగదు.

ప్రతి కాలేజీకీ ఒక పోస్టు ఇవ్వలేకపోతే, దగ్గరదగ్గరగా ఉన్న నాలుగైదు కాలేజీలకు కలిపి ఒక నెట్‌వర్క్ టెక్నీషియన్‌ని ఇవ్వండి. పాలిటెక్నిక్ చదివి ఉద్యోగం కోసం చూస్తున్న పిల్లలు మన జిల్లాల్లోనే ఉన్నారు, వాళ్లు ఈ పని చక్కగా చేయగలరు. దాంతో పాటు ఏటా నిర్వహణకి కొంత డబ్బు విడిగా కేటాయించండి. యూపీఎస్ బ్యాటరీలు కొన్నేళ్లకే చచ్చిపోతాయి, కొత్తవాటికి ఏ పద్దు కింద రాయాలో తెలియక ఫైలు టేబుళ్ల మీద తిరుగుతూ ఉంటుంది, ఈలోగా కరెంటు పోయిన ప్రతిసారీ వైఫై కూడా పోతుంది. బ్లాకుల మధ్య ఫైబర్ వేయడం ఒక్కసారి పెట్టే ఖర్చు. ఏటేటా కాలిపోయే స్విచ్‌ల లెక్క తీయించి చూడండి, దేనికి ఎక్కువవుతుందో మీకే తెలుస్తుంది.

పోస్టులకి ఆర్థిక శాఖ ఒప్పుకోవాలనీ, దానికి టైం పడుతుందనీ తెలుసు. ఒక పని మాత్రం ఇప్పుడే చేయొచ్చు. ఏ ఏజెన్సీకైనా చివరి బిల్లు ఇచ్చేముందు పాస్‌వర్డ్‌లు, కేబుల్ డ్రాయింగు, పరికరాల జాబితా ప్రిన్సిపాల్‌కి రాతపూర్వకంగా అప్పగించి తీరాలని ఒక సర్క్యులర్ ఇప్పించండి. దీనికి విడిగా బడ్జెట్ అక్కర్లేదు. వచ్చే దోస్త్ నోటిఫికేషన్ లోపు ఆ సర్క్యులర్ మా కాలేజీలకు అందేలా చూడండి.

ఇట్లు,
ఒక ప్రభుత్వ డిగ్రీ కాలేజీ కంప్యూటర్ సైన్స్ అధ్యాపకుడు