కుక్క కొవ్వు మూలకణాలపై నిజం చెప్పాలి

ఎడిటర్ గారికి నమస్కారం,

లాబ్రడార్, జర్మన్ షెపర్డ్ లాంటి పెద్ద కుక్కలకి తుంటి కీలు అరిగి లేవలేకపోవడం మామూలైపోయింది, పెయిన్ కిల్లర్లు ఎక్కువకాలం వాడితే కడుపు, కిడ్నీలు దెబ్బతినొచ్చు. అందుకే ఆ కుక్క కొవ్వే కొంచెం తీసి, కొలాజినేజ్ అనే ఎంజైమ్‌తో కరిగించి, అందులోని మూలకణాల్ని (వేరే రకం కణాలుగా మారగల స్టెమ్ సెల్స్‌ని) వేరుచేసి కీలులోకి ఇంజెక్ట్ చేసే ట్రీట్‌మెంట్ వచ్చింది, ఈ కణాలుండే ఎముక మజ్జ కంటే కొవ్వు తీయడం సులువు కూడా. కానీ కొత్త కీలు మొలిచేస్తుందని ఆశపెట్టి డబ్బులు గుంజితే అది చాలా అన్యాయమండీ! ఆ కణాలు ఎక్కువగా చేసేది వాపు, నొప్పి తగ్గించడమే, అదీ అన్ని కుక్కలకీ ఒకేలా ఉండదు. పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్లలో బయటికొచ్చే కొవ్వుని, ఓనర్ ఒప్పుకుంటే, పారేయకుండా రాజేంద్రనగర్, తిరుపతి వెటర్నరీ కాలేజీలు రీసెర్చ్‌కి వాడాలి, ఫలితం బాగున్నా లేకపోయినా బయటపెట్టాలి.

- ఒక పెట్ ఓనర్, హైదరాబాద్