పెద్దాయన పోయాక ఆయన బండిని తొందరపడి స్టార్ట్ చేయొద్దు

సంపాదకులకు నమస్కారం.

అమెరికాలో పాత జీఎంసీ మోటర్‌హోమ్‌లు (లోపలే ఉంటూ ప్రయాణించే ఇల్లులాంటి బండ్లు) ఉన్న మాలాంటివాళ్లకు పెద్దదిక్కుగా నిలిచిన ఒకాయన ఇటీవల కన్నుమూశారు. 1973 నుంచి 1978 మోడల్ దాకా మాత్రమే వచ్చిన బండ్లివి. ఓల్డ్స్‌మొబైల్ ఇంజన్, ముందు చక్రాలకే డ్రైవ్, వెనక ఒక్కో పక్క రెండేసి చక్రాలు, వాటి మధ్య ఎయిర్‌బ్యాగ్, అంటే స్ప్రింగుకు బదులు బరువు మోసే గాలి సంచి. తయారీ ఎప్పుడో ఆగిపోయినా ఇవింకా రోడ్డెక్కుతున్నాయంటే, తెలిసింది దాచుకోకుండా చెప్పిన ఆయన లాంటివాళ్ల పుణ్యమే. ఆయన పదేపదే చెప్పిన జాగ్రత్తలు ఇప్పుడు యజమాని పోయిన ప్రతి ఇంటికీ అవసరం. అందుకే ఈ ఉత్తరం.

ఏళ్ల తరబడి కదలని బండిని అమ్మకానికి పెట్టే ముందు ఇంట్లోవాళ్లు చేసే మొదటి పని, కొత్త బ్యాటరీ పెట్టి తాళం తిప్పడం. అసలు ప్రమాదం అక్కడే. ఇథనాల్ కలిసిన పెట్రోలు పాతకాలపు రబ్బరు గొట్టాలను లోపలినుంచి తినేస్తుంది. పైకి బాగానే కనిపించే గొట్టం వంచితే పగుళ్లు తేలతాయి. పంపు ఆడగానే ఆ పగుళ్లలోంచి పెట్రోలు కారి వేడి ఇంజన్ మీద పడితే మంట లేస్తుంది. ఈ బండిలో ఇంజన్ మూత ఉండేది మనుషులు కూర్చునేచోటే.

చాలామంది కంటికి కనబడే ముందువైపు గొట్టం మార్చి పనైపోయిందనుకుంటారు. ట్యాంకులు రెండు, వాటి నెత్తిన ఉండే గొట్టాలు ట్యాంకు దించితే తప్ప చేతికందవు. పాత పెట్రోలు పూర్తిగా తోడేసి, ట్యాంకుకు కింద జాకీ ఆనించి, పట్టీలు విప్పి దించాలి. సరఫరా గొట్టాలతోపాటు ట్యాంకులోని గాలి, ఆవిరి పోయే గొట్టాలు, పెట్రోలు పోసే గొట్టం కూడా మార్చాలి. కొత్తవి కనీసం ఎస్‌ఏఈ 30ఆర్9 (పెట్రోలు గొట్టాల నాణ్యతా ప్రమాణం, గొట్టం మీదే రాసి ఉంటుంది) రకంవి కావాలి, ఫిల్టరూ కొత్తదే వేయాలి. ఇది ఒకపూట పని కాదు. అయినా దీన్ని దాటేసి ఇంజన్ తిప్పకూడదు.

తర్వాత స్పార్క్ ప్లగ్గులు తీసి ఒక్కో సిలిండర్‌లో కొంచెం ఇంజనాయిల్ పోసి, క్రాంక్‌షాఫ్ట్ బోల్టుకు పానా వేసి చేత్తో రెండు చుట్లు తిప్పండి. ఎక్కడైనా పట్టేస్తే బలవంతం చేయకండి.

బండి కిందికి దూరేటప్పుడు ఎయిర్‌బ్యాగ్‌ను నమ్మడం ప్రాణాంతకం. గాలి జారితే వెనకభాగం అంతా ఒక్కసారి దిగిపోతుంది. ఛాసిస్ కింద స్టాండ్లు పెట్టకుండా తల కూడా లోపలికి పెట్టొద్దు.

బ్రేకుల రబ్బరు గొట్టాలు లోపల ఉబ్బితే పెడల్ బాగానే ఉన్నట్టుంటుంది, కానీ కాలు తీశాక బ్రేకు వదలదు, చక్రం కాలిపోతుంది. వాటిని, బ్రేక్ ఆయిల్‌ను మార్చేయండి. టైరు గాడి చూసి మోసపోకండి. టైరు పక్కభాగం మీద అచ్చువేసిన డాట్ కోడ్ చివరి నాలుగంకెలు చూడండి: 2312 అంటే 2012లో 23వ వారం తయారైంది. అంత పాత టైరుతో దూరం పోవద్దు.

ఇంకొకటి, పోయిన యజమాని తన బండి గురించి రాసుకున్న నోటు పుస్తకం. ఈ బండ్లలో కంపెనీ ఇచ్చింది ఇచ్చినట్టే మిగిలినవి తక్కువ. 16.5 అంగుళాల చక్రాలు తీసి 16వి వేసినవారు, 3.07 ఫైనల్ డ్రైవ్ (చక్రాలను తిప్పే చివరి గేర్ల నిష్పత్తి) మార్చినవారు ఉన్నారు. ఏం మారిందో తెలియని కొత్త యజమాని తప్పు సామాను కొంటాడు. ఆ పుస్తకాన్ని పాతకాగితాల్లో పారేయకుండా బండితోపాటే ఇవ్వండి. షెడ్డులోని విడిభాగాలను కూడా తుక్కు కింద తూచి అమ్మేయకండి. ఈ బండ్లలో రెండు రకాల ఇంజన్లు వచ్చాయి కాబట్టి, పెట్టెల మీద అది 455 ఇంజన్‌దా, 403 ఇంజన్‌దా రాసి ఉంచండి. ఒకదాని ఇన్‌టేక్ మానిఫోల్డ్ (సిలిండర్లకు గాలి, పెట్రోలు అందించే భాగం) రెండోదానికి కూర్చోదు.

ఇట్లు,
పాత జీఎంసీ మోటర్‌హోమ్‌ల యజమానులు కొందరు