మీ వీధి తలుపు సంగతి

ఒరేయ్ కేతిగా,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలు దాటింది. ఆలస్యానికి క్షమించు. అమ్మ మోకాళ్ళ నొప్పి తగ్గింది, వేరుశనగ పరవాలేదు, పాప పదో తరగతికి వచ్చింది. ఇంటి సంగతులు ఇంతే. అసలు సంగతి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు.

మన ఊరి కళామందిరం పూర్తయిందిరా! రచ్చబండ వెనక మనం గోలీలాడిన జాగాలోనే. చందాలు కొంత, శ్రమదానం ఎక్కువ. మొదటి ఆట తోలుబొమ్మలాటే కావాలని నేను పట్టుపట్టాను. తోలుబొమ్మల కళాకారుల ఊరు నిమ్మలకుంట ఇంత దగ్గర, అక్కడి బొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ కూడా వచ్చింది. అయినా మన పిల్లల్లో ఒక్కడు కూడా మనిషెత్తు మేకతోలు రావణుణ్ణి చూడలేదు. చెబితే బాధేస్తుంది... సరే, అది మరోసారి.

ఆటకు మూడు రోజుల ముందు నిమ్మలకుంట నుంచి బొమ్మలాడించే ఒక పెద్దాయనను తీసుకువచ్చి వేదిక చూపించాను. ఆయన చెప్పులు విడిచి ఎక్కి, కుడికాలు గట్టిగా తాటించి, కాసేపు చెవి ఒగ్గి నిలబడ్డారు. "సద్దు లేదే నాయనా!" అన్నారు. అద్దంలా నున్నగా చేసిన సిమెంటు వేదిక! మేస్త్రి ముఖం వాడిపోయింది. బొమ్మ ఆడించేవాళ్ళు గజ్జెలు కట్టి, కాలి కింద చెక్కను తొక్కుతూ పాడతారు. యుద్ధమంతా ఆ చెక్కలోనే ఉంటుంది. చిన్నప్పుడు తెర ముందు కూర్చుని విన్న ఆ మోత ఎక్కడి నుంచి వచ్చేదో నాకు ఆ రోజే తెలిసింది. మనం మృదంగమే అనుకునేవాళ్ళం, గుర్తుందా?

కొత్త చెక్క కోయించే వ్యవధి లేదు. అప్పుడు గుర్తొచ్చింది, మా దొడ్లో గోడకు చేర్చి ఉన్న మీ వీధి తలుపు. ఇల్లు అమ్మినప్పుడు "ఎప్పుడో వచ్చి తీసుకుపోతాను" అని అప్పగించి వెళ్ళావే, అదే. నీకు చెప్పడానికి ఫోను చేతిలోకి తీసుకున్నాను, మళ్ళీ పెట్టేశాను. నువ్వు వద్దంటే ఏం చేయను? అడగకుండా వాడినందుకు కోప్పడు, పడతాను.

నలుగురం మోసుకెళ్ళి ఇటుకల మీద పరిచాం. పెద్దాయన కాలు మోపగానే గోడలన్నీ పలికాయిరా! రాత్రి పొద్దుపోయి వచ్చి మీ తాతయ్య తలుపు తట్టే చప్పుడే. నా ఒళ్ళు జలదరించింది.

ఆట రోజు ఊరంతా వచ్చింది. ముందుకు వాల్చి కట్టిన తెర మీద హనుమంతుడు లేచేసరికి పిల్లలు అరుపులు మాని నోళ్ళు తెరిచి చూశారు. నవ్వించే బొమ్మ బంగారక్క వచ్చి కేతిగాడి బొమ్మను తిడుతుంటే అమ్మ నీ పేరు చెప్పి పడీపడీ నవ్వింది. నేను మాత్రం తెర వెనక్కి వెళ్ళి, ఆ తలుపు మీద ఆడే పాదాలనే చూస్తూ కూర్చున్నాను. నువ్వు పక్కన లేవే అని కళ్ళనీళ్ళు ఆగలేదు.

గడియ పక్కన నువ్వు మేకుతో చెక్కిన ఆ రెండక్షరాలు చెక్కుచెదరలేదు. ఆ వైపు కిందికి వేయించాను, భయపడకు.

ఆ తలుపును వేదికలోనే బిగించేద్దామని అందరూ అడుగుతున్నారు. నీ మాట వచ్చేదాకా మేకు దిగనివ్వనన్నాను. ఉగాదికి మళ్ళీ ఆట ఉంది, నువ్వు... అదిగో, ధర్మవరం బస్సు హారన్ కొడుతోంది. ఈ కవరు దానిలోనే పంపాలి. వెంటనే రాయి.

నీ
జుట్టుపోలిగాడు